రోగి పేరు శామ్యూల్, బాధ భయం

ఇవాళ పొద్దున ఆఫీసులో ఒక పాత కంప్యూటర్ పెట్టె పక్క రేకు ఊడదీశాను. మరలు విప్పి రేకు లాగానో లేదో, గుప్పుమని పసుపు వాసన. లోపల పంకా రెక్కల మీద, తీగల మడతల్లో, మూలమూలలా సన్నటి పసుపు దుమ్ము. ఏ పసుపు మార్కెట్టు దగ్గరి దుకాణంలోనో ఏళ్ళ తరబడి పనిచేసి హైదరాబాదుకు, మా చేతికి వచ్చిన పెట్టె అది, లోపలున్నదంతా కొత్త మెషిన్‌లోకి మార్చాలి. పక్కనున్నవాళ్ళు తుమ్ముతూ నవ్వుకుంటున్నారు. పసుపు వాసన వస్తే అందరికీ వంటిల్లు గుర్తుకొస్తుందేమో, నాకు ఆర్మూర్‌లో ఒక దవాఖాన గుర్తుకొస్తుంది, శామ్యూల్ సార్ గుర్తుకొస్తారు. ఆయన మీకెవరికీ తెలియదు. నేను చూసిన మనుషుల్లో అంతటి పిరికిమనిషి ఇంకొకరు లేరు. నాకు పని నేర్పింది ఆ పిరికితనమే.

సార్‌ది బాల్కొండ. గల్ఫ్‌లో పన్నెండేళ్ళు ఒక పెద్ద కంపెనీ కంప్యూటర్ల గదిలో పనిచేసి, తిరిగొచ్చి, చుట్టుపక్కల దవాఖానలకూ బడులకూ మెషిన్లు బాగుచేసేవారు. చొక్కా జేబులో ఒక చిన్న టార్చి, ఒక స్క్రూడ్రైవరు, ఒక నోటుబుక్కు. ఏ మీట నొక్కేముందైనా ఆయన వేలు గాలిలో కాసేపు ఆగేది. నేను డిగ్రీ అవగానే ఆర్మూర్ పసుపు మార్కెట్టు వెనక వీధిలోని ముప్పై పడకల ప్రైవేటు దవాఖానలో కంప్యూటర్ పనికి కుదిరాను. జక్రాన్‌పల్లి నుంచి రోజూ బస్సు. మా నాన్న కూలికి పోయేవాడు, నడుం పట్టేసి ఇంట్లో కూర్చున్నాడు. ఆ ఉద్యోగం పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత నేను చేసిన పనికి నాకున్న సాకు అదొక్కటే.

ఆ దవాఖానలో ఎవరికి ఏ జబ్బు, ఎవరికి ఏ మందు పడదు, ఇదంతా ఒకే ఒక పాత మెషిన్‌లో ఉండేది. వార్డుల్లోని తెరలన్నీ దాన్ని అడిగే సమాధానం చూపించేవి. ఆ ప్రోగ్రాం రాసినవాళ్ళు ఎప్పుడో దుకాణం మూసేశారు. మళ్ళీ ఎక్కించుకుందామంటే సీడీ లేదు. రెండువేల ఎనిమిదిలో, వానలు తగ్గే రోజుల్లో, దాని డిస్కు టక్కుటక్కుమనడం మొదలుపెట్టింది. పెద్ద డాక్టరు గారు శామ్యూల్ సార్‌ను పిలిపించారు.

సార్ పెట్టెకు చెవి ఆనించి విన్నారు. "దీనికి ఎక్కువ దినాల్లేవు బిడ్డా," అన్నారు. "కొత్త మెషిన్ కొనుక్కచ్చి, దాని లోపటికి దీన్ని మొత్తం ఉన్నదున్నట్టు తీస్కపోవాలె. విండోసు, ప్రోగ్రాము, రోగుల పేర్లు, అన్నీ. లోపటికి పోయినంక గూడ అది తన పాత పెట్టెలనే ఉన్న అనుకుంటది. వర్చువల్ మెషిన్ అంటరు."

"అంటే కాపీనా సార్?"

"కాపీ కాదు. పెట్టెను ఇడిచిపెట్టి పాణాన్ని తీస్కపోతున్నం." ఆ మాట అని ఆయనే ఉలిక్కిపడినట్టు నా వైపు చూశారు. "భయమైతుందా?"

"అవుతుంది సార్."

"మంచిగైంది. భయం లేనోళ్ళను నేను మెషిన్ మీద చెయ్యి పెట్టనియ్య."

ఓపీ లేని ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టాం. సగం దాటాక ఒకచోట ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెడితే సరిగ్గా అక్కడే ఆగింది. డిస్కులో ఆ చోటు చెడిపోయిందన్నారు సార్. చెడ్డ చోట్లు వెతికి పక్కన పెట్టే పని దానిచేతే చేయించాలి, ఆ శ్రమకు అది మొత్తమే చచ్చిపోవచ్చు. అందుకని ముందుగా రోగుల వివరాలున్న ఫైళ్ళను వేరే డిస్కులో దాచారు. దాచినవి తెరుచుకుంటున్నాయో లేదో ఒక్కొక్కటీ చూశారు. అప్పుడు గాని ఆ మీట నొక్కలేదు. రెండు గంటలు టక్కుటక్కుమంటూ తిరిగింది. సార్ నుదుటి మీద చెమట. నేను మా ఊరి దేవతలందరికీ మొక్కాను, ఆయన పెదవులు ఆయన దేవుణ్ణి పిలుస్తున్నాయి. మూడోసారి కాపీ చివరిదాకా పోయింది.

హమ్మయ్య అనుకుని కొత్త మెషిన్‌లో దాన్ని లేపితే తెరంతా నీలం! నాకు ఏడుపొచ్చింది. సార్ మాత్రం నోటుబుక్కు తీసి తెర మీది అంకెలన్నీ నింపాదిగా రాసుకున్నారు. "అది సావలే బిడ్డా. కండ్లు తెరిచి సూసింది, తన డిస్కుకు పోయే తొవ్వ కనవడలే, బెదిరింది. కొత్తింట్ల తొవ్వ వేరే ఉన్నది, దానికి మనం చెప్పలే," అన్నారు. కొత్త డిస్కును గుర్తుపట్టే చిన్న ఫైలును లోపల పెట్టి మళ్ళీ లేపారు. దవాఖాన పేరున్న ఆ పాత పచ్చతెర మెల్లగా వెలిగింది. అబ్బ, ఆ క్షణం!

పోయేముందు ఆయన చెప్పింది ఒక్కటే మాట. "ఇప్పుడు ఒక్క పేరు మీద ఇద్దరున్నరు. పాతదాన్ని బందుజేసి, ఎనుక నెట్‌వర్కు వైరు గుంజెయ్. ఎవలన్న లేపినా దాని మాట బయటికి రావొద్దు." సరే అన్నాను. పాత మెషిన్ ఆపాను, దాని తెరను కొత్తదానికి తగిలించాను. వైరు మాత్రం తీయలేదు. పెట్టె గోడకూ బీరువాకూ మధ్య ఇరుక్కుని ఉంది, వెనక పసుపు దుమ్ము బెత్తెడు మందాన పేరుకుని ఉంది. కొత్త చీర కట్టుకుని ఉన్నాను, చివరి బస్సుకు టైమవుతోంది. ఆపేశాక ఇక అదేం లేస్తుందిలే అనుకున్నాను.

మరునాటి నుంచి సార్ రోజూ పొద్దున వచ్చి ఒక వింత పని చేసేవారు. రిసెప్షన్‌లో కూర్చుని తనను తానే రోగిగా రాసుకునేవారు. పేరు శామ్యూల్, ఊరు బాల్కొండ, బాధ భయం. నిన్న రాసింది ఉందో లేదో చూసి, ఇవాళ్టిది రాసి వెళ్ళిపోయేవారు. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. కాంపౌండరు భూమన్న, "సారూ, నీ రోగానికి మందు లేదా?" అని ఆట పట్టించేవాడు. "నెల దినాలు మంచిగ నడిస్తే అదే తగ్గుతది భూమన్నా," అనేవారు ఆయన.

ఆ గురువారం దసరా. ఆర్మూర్‌లో ఆ రోజు తక్కెడకూ బండికీ కుట్టు మిషన్‌కూ అన్నింటికీ బొట్టు పెడతారు. భూమన్న పొద్దున్నే వచ్చి సూదుల ట్రేకూ, బీపీ మిషన్‌కూ, కంప్యూటర్లకూ పసుపూ కుంకుమా పెట్టాడు. బీరువా పక్కన పాత పెట్టె కనిపించింది. ఇన్నేళ్ళు అన్నం పెట్టిన మెషిన్, ఆగిపోయినదానికి బొట్టు పెట్టడం అశుభం అనిపించిందట. స్విచ్చి వేసి, పంకా తిరిగిన చప్పుడు విని, తృప్తిగా బొట్టు పెట్టి వెళ్ళిపోయాడు. దానికి తెర లేదు గనుక అది లేచిన సంగతి మాకెవరికీ తెలియలేదు. కొత్తది అప్పటికే ఆ పేరుతో మాట్లాడుతోంది గనుక పాతది కిక్కురుమనకుండా ఉండిపోయింది. ఇంతలో కరెంటు పోయింది. గంట తర్వాత వచ్చింది, రెండు పెట్టెలూ వాటంతటవే లేవడం మొదలుపెట్టాయి. కొత్తది పెద్ద మెషిన్, లేవడానికి తీరికగా లేస్తుంది. పాతది ముందే లేచి ఆ పేరు తీసేసుకుంది. కొత్తది వచ్చేసరికి జాగా లేదు, నోరు మూసుకుంది. వార్డుల్లో తెరలన్నీ మామూలుగానే వెలిగాయి. కాకపోతే ఆదివారం తర్వాత జరిగిందేదీ వాటికి తెలియదు.

పదకొండింటికి గంగవ్వ వచ్చింది. ఇందల్వాయి దిక్కు కూలిమనిషి, ఏ జబ్బుకైనా మా దవాఖానకే వచ్చేది, మక్కచేన్లో మోడు దిగి కాలు చీము పట్టింది. సోమవారం ఆమెకు పెన్సిలిన్ సూది కొంచెం వేసి చూస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక, బతికి బయటపడింది. ఆ మందు పడదని పెద్ద డాక్టరు గారు ఎర్ర అక్షరాల్లో కంప్యూటర్లో రాయించారు. పండుగ రోజు ఆయన ఇంట్లో ఉన్నారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరుకు ఆమె ఎవరో తెలియదు, చీము చూసి పెన్సిలిన్ సూదే రాశారు. సోమవారం ఇచ్చిన చిట్టీ ఆమె ఇంట్లో మరిచిపోయి వచ్చింది.

"ఏదో సూది పడదన్నరు బిడ్డా, పేరు ఎరుక లేదు," అంటోంది గంగవ్వ.

నర్సు తెర చూసింది. "కంప్యూటర్ల ఏం లేదవ్వా. గట్లుంటే ఎర్రగ వస్తది. భయపడకు."

నేను అక్కడే ఉన్నాను. సోమవారం ఆ ఎర్ర అక్షరాలు కొట్టింది నేనే. కానీ పండుగ తొందరలో ముఖం గుర్తుపట్టలేదు, కంప్యూటర్ చెప్పింది కదా అనుకున్నాను. అప్పుడే శామ్యూల్ సార్ వచ్చి రిసెప్షన్‌లో కూర్చున్నారు. తన పేరు కొట్టారు. మళ్ళీ కొట్టారు.

"బిడ్డా, నేను లేను."

"ఏంది సార్?"

"మూడు దినాలు రాసిన. ఒక్కటి లేదు. పాతది లేచింది! సూదులు ఆపుండ్రి, అందరియి ఆపుండ్రి!" అంటూ ఇంజెక్షన్ గదికి ఉరికారు. యాభై ఏళ్ళ మనిషి అట్లా ఉరకడం నేనెప్పుడూ చూడలేదు. నర్సు సూదిలోకి మందు తీసి గంగవ్వ చెయ్యి పట్టుకుని ఉంది. సార్ ఆ చేతికి అడ్డంగా తన చెయ్యి పెట్టారు.

పెద్ద డాక్టరు గారు పండుగ బట్టల్లోనే వచ్చారు. ఆయన గదిలో అందరం నిలబడ్డాం. ఎవరి పని ఇది అని అరిచారు. భూమన్న ఏడ్చేశాడు. "నేనే లేపిన సారూ. బొట్టు పెట్టేటిదాన్ని సచ్చినట్టు ఉంచుతరా అని లేపిన."

"లేపితే మాత్రం? వైరు ఎందుకు ఉన్నది?"

నోరు తెరవాల్సింది నేను. మా నాన్న ముఖం కళ్ళముందుకు వచ్చింది.

"తప్పు నాది సార్," అన్నారు శామ్యూల్ సార్. "వైరు తీసిన్రో లేదో నా కండ్లతోని సూడాల్సింది. సూడలే." ఇక మా దవాఖాన గడప తొక్కొద్దన్నారు డాక్టరు గారు. సార్ తల ఊపి, లోపలికి పోయి వైరు తనే తీసి, కొత్తదాన్ని సరిచేసి, తెర మీద గంగవ్వ పేరు పక్కన ఎర్ర అక్షరాలు వచ్చాక గాని వెళ్ళలేదు.

బస్టాండు దాకా వెంట నడిచాను. జనం జమ్మి ఆకులు పంచుకుంటూ అలాయ్ బలాయ్ అంటూ ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. "సార్, ఆ వైరు..." అన్నాను.

"నాకెరికే బిడ్డా. పెట్టె ఎనుక దుమ్ముల ఒక్క ఏలి గుర్తు లేకుండె. నువ్వు చెయ్యే పెట్టలే."

"మరి అక్కడ చెప్పలేదేంది సార్?"

"నువ్వు చెప్తవేమో అని జూసిన." కోపం లేదు ఆయన గొంతులో, అదే నన్ను చంపింది. "భయపడాల్సిన కాడ నువ్వు భయపడలే. పనంత అయినంక మనుషుల ముంగట భయపడ్తున్నవ్. ఉల్టా పెట్టుకున్నవ్ బిడ్డా భయాన్ని." బాల్కొండ బస్సు వచ్చింది. ఎక్కి కూర్చుని కిటికీలోంచి చెయ్యి ఊపారు.

వెనక్కి పోయి నేను నిజం చెప్పలేదు. రేపు చెప్తాను, జీతం వచ్చాక చెప్తాను అనుకుంటూనే రెండేళ్ళు గడిపి హైదరాబాదు వచ్చేశాను. ఆ నెల మిగిలిన రోజులు మాత్రం రోజూ పొద్దున ఆయన పేరు నేనే రాశాను. ఎవరూ నవ్వలేదు. కొన్నేళ్ళకు సార్ పోయారని భూమన్న ఫోను చేసి చెప్పాడు.

ఇవాళ కాపీ పూర్తయ్యాక, ఆ పసుపు దుమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి వైరు పీకాను. కొత్తదాన్ని లేపి మొదటి పేరు కొట్టాను. శామ్యూల్, బాల్కొండ, భయం. తర్వాత భూమన్నకు ఫోను చేసి పెద్ద డాక్టరు గారి నంబరు తీసుకున్నాను. పెద్దవారయ్యారు, చెవి సరిగా వినబడదట. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, రెండోసారి గట్టిగా, ఆఫీసంతా వినేలా: "ఆ వైరు తీయనిది నేను సార్. శామ్యూల్ సార్ కాదు."