తూము అత్త

మా మేనత్తను అందరూ తూము అత్త అనేవాళ్లు. మామయ్య పోయాక కాలువ తూము తలుపు ఎత్తి దించే పని ఆమెకొచ్చింది. తలుపు తిప్పే ఇనుప కడ్డీ ఆమె మంచం కిందే ఉండేది.

ఆ ఏడు తుపాను రెండు రోజులు బాదింది. పెంకులు కత్తుల్లా ఎగిరాయి. ఒకటి పక్కింటి గేదె మెడ కోసేసింది. మూడో రోజు పొద్దున వాన ఆగేసరికి ఎగువన నూట యాభై ఎకరాల వరి నీళ్లలో మునిగి ఉంది. ఇంకో పూట ఉంటే కుళ్లిపోతుంది. తూము ఎత్తితే నీళ్లు పోతాయి కానీ, దిగువ పదెకరాల్ని ఊడ్చుకుపోతాయి. అందులో రెండు అత్తవి, మూడు ఆమె తమ్ముడైన మా బాబాయివి.

అత్త కడ్డీ మోసుకుని వెళ్లేసరికి బాబాయి పార పట్టుకుని తూము మీద కూర్చున్నాడు.

"ఇంటికి పో అక్కా."

"లేవరా. అది తలుపు, పీట కాదు."

"నీ పొలం కూడా పోతుందే! మతి పోయిందా?"

"పోతే పోనీ. నూట యాభై పోవడం కంటేనా?"

కడ్డీ మరలో దింపి ఒక చుట్టు తిప్పింది. బాబాయి పార కామతో ఆమె ముంజేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గట్టు మీదికి వినిపించింది. అత్త ఎడమ చేత్తో తిప్పింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. ఈలోగా ఎగువ రైతులు పరిగెత్తుకొచ్చి బాబాయిని బురదలో పడేసి తన్నారు. నోట్లోంచి రక్తం, రెండు పళ్లు. ఒకడు గొడ్డలి ఎత్తాడు.

"దించరా దాన్ని!" అత్త కేక వేసింది. "వాణ్ణి నరికితే వాడి మూడెకరాలు ఎవడు నాటతాడు, నువ్వా?"

గొడ్డలి గాల్లోనే ఆగింది.

"మీ పైరు బతికితే కుదురుకు రెండు పిలకలు చీల్చి, వాటితో మా పదెకరాలూ మీరే నాటాలి. ఒప్పుకుంటేనే మిగతా చుట్లు తిప్పుతా. లేదా ఇక్కడే కూర్చుంటా."

"నాటతాం అత్తా, తిప్పు!"

నీళ్లు ఎర్రగా దూకాయి. మా వాళ్ల గట్లు కళ్లముందే తెగిపోయాయి.

వారం తర్వాత, తన్నిన వాళ్లే పిలకల కట్టలు నెత్తిన పెట్టుకొచ్చారు. బాబాయి వాచిన మూతితో అక్క పొలంలోనే ముందు దిగాడు.

"వరస వంకర పోతోందిరా," చేతికి బద్దలు కట్టుకుని గట్టు మీద కూర్చున్న అత్త అంది.

"నీ చేతి కంటే నయమేలే."

బాబాయి తల వంచుకుని నాటుతూనే ఉన్నాడు.

ఆ చెయ్యి సరిగా అతకలేదు. ఇప్పుడు తూము బాబాయే తిప్పుతాడు. కడ్డీ మాత్రం అక్కడిదాకా అత్తే మోసుకెళుతుంది.