కాలువ కాపరికి కొత్త సూటు

గెంట్ పట్టణం కాలువగట్టు పేటలో రోంబౌట్ కాలెవార్ట్ ఎవరంటే తల గోక్కునేవాళ్ళు చాలామందే ఉన్నారు. కాలువ కాపరి ఎవరంటే మాత్రం పాలుతాగే పిల్ల కూడా వేలు పెట్టి చూపిస్తుంది. రెండూ ఒకే మనిషి. మామూలు రోజుల్లో అతను దుకాణాల ముందు, కాఫీ హోటళ్ళ ముందు ఎండకీ వానకీ దించుకునే గుడ్డ చూర్లు కుట్టి బిగిస్తాడు. సెప్టెంబరులో పేట సంబరం వచ్చిన ఆదివారం నీలం బిగుతు దుస్తులు, ఎర్ర చేతి తొడుగులు వేసుకుని, మడమల దాకా జారే పసుపు కేప్ కట్టుకుని, పడవ ముందుకొమ్ము మీద నిలబడి వంతెన కింద నుంచి వస్తాడు. గట్టుకు దిగబోయే ముందు ఎడమచేత్తో కేప్‌ని ఒక్క విసురు వెనక్కి విసురుతాడు. ఆ విసురుకి గట్టు మీద జనం కేక పెడతారు. అప్పుడు సంబరం మొదలైనట్టు లెక్క.

కాలువ కాపరి రోంబౌట్ తాతల కాలం నాటి బొమ్మల కథల వీరుడు. తూముల దగ్గర చీకట్లో మాటువేసి దొంగల్ని పట్టేవాడు. ఆ పేటలో పుట్టిన ప్రతివాడూ వాణ్ణి చూస్తూనే చదవడం నేర్చుకున్నాడు. ఫ్లోరిమోన్ బీరు దుకాణం మేడ మీద వాడి అభిమాన సంఘం ఉంది. ఫ్లోరిమోనే అధ్యక్షుడు, ఎందుకంటే గది అతనిది, బీరూ అతనిదే. సంబరంలో కాపరి ఎవరన్నది ఏటా సంఘం ఓటు వేసి తేల్చాలి. కానీ ఇన్నేళ్ళలో ఆ ఓటు ఎన్నడూ వేయలేదు. "రోంబౌట్ కాక ఇంకెవరు?" అని ఫ్లోరిమోన్ అడగడం, అందరూ గ్లాసులు ఎత్తడం, అంతే.

ఆ కేప్ కుట్టింది రోంబౌటే. చూర్ల గుడ్డతో కుట్టాడు. అందుకే ఎన్ని వానలు పడ్డా రంగు వెలవలేదు. పెళ్ళిరోజు మర్చిపోయినా, ఏటా దానికి మైనం పూయడం మాత్రం మర్చిపోలేదని అతని భార్య లుత్‌గార్ట్ అంటుంది.

అలా సాగుతుండగా సినిమా వాళ్ళు కాలువ కాపరి మీద పడ్డారు. వేసవి మొదట్లో ట్రైలర్ వచ్చింది. అందులో కాపరికి కేప్ లేదు. నీలం లేదు. ఒళ్ళంతా నల్లటి రబ్బరు పొలుసులు, మణికట్టు దగ్గర దారమంత ఎర్రగీత. ఆ సాయంత్రం బీరు దుకాణంలో కుర్చీలు చాలలేదు.

"రబ్బరు సంచీలో దూరిన ఈల్ చేపలా ఉన్నాడు!" అన్నాడు రోంబౌట్.

"కేప్‌తో నీళ్ళలోకి దూకితే ఎవడైనా మునుగుతాడయ్యా. వీళ్ళు కాస్త బుర్ర పెట్టారు," అన్నారు మూల బల్ల దగ్గర నుంచి.

"ఇన్నేళ్ళూ మునగలేదే!"

"కాగితం మీద ఎలా మునుగుతాడు?"

"కేప్ లేకపోతే వాడు కాపరి కాడు, డ్రైనేజీ బాగుచేసేవాడు," అని రోంబౌట్ బల్ల గుద్దాడు. పాతవాళ్ళంతా అవునన్నారు. ఫ్లోరిమోన్ రెండు పక్కలా తలూపి రెండు పక్కలా బీరు పోశాడు.

మాటలతో ఆగితే బాగుండేది. ఆగస్టులో జోరిండె ఆ సూటు కుట్టుకొచ్చింది.

సంఘంలో సభ్యురాలైన జోరిండెకి ముప్ఫై ఉంటాయి. రోంబౌట్ కంటే పొడగరి, పడవ పందేల్లో తెడ్డు వేసిన భుజాలు. కట్టుడు పళ్ళు చేసే చోట పని. ఆ చేతివాటంతోనే ఒక్కొక్క పొలుసూ అచ్చు పోసి, ఒక్కొక్కటీ అతికించింది. సూటు తెచ్చి బల్ల మీద పరవగానే సంఘమంతా ఈగల్లా మూగింది. వేళ్ళతో నొక్కారు, వాసన చూశారు, ఒకాయన కళ్ళజోడు మార్చుకుని మరీ చూశాడు.

రోంబౌట్ దూరంగా నిలబడి వేయించిన బంగాళాదుంపలు తింటున్నాడు. మయొనీజ్‌లో ముంచడం మర్చిపోయాడు. ఇన్నేళ్ళలో తన కేప్‌ని ఇలా ముట్టుకుని చూసినవాడు ఒక్కడూ లేడని అప్పుడే తట్టింది. 'బాగుంది' అన్నారు, నిజమే. వాతావరణం బాగుందన్నట్టు అన్నారు.

"మీరేమంటారు రోంబౌట్ గారూ?" అని అడిగింది జోరిండె. అడగకపోయినా బాగుండేది.

"పళ్ళకి బాగా పనికొస్తుంది," అన్నాడు.

కొందరు నవ్వారు. జోరిండె కూడా నవ్వింది. అది అతనికి మరీ కాలింది.

ఈసారి ఓటు వేయక తప్పదని ఫ్లోరిమోన్ తేల్చాడు. సంబరం ముందురోజు, శనివారం సాయంత్రం, బీరు గ్లాసు కింద పెట్టే అట్టముక్కలతో ఓటు. బొమ్మ ఉన్న వైపు పైకి పెడితే పాత కాపరి, ఖాళీ వైపు పెడితే కొత్త కాపరి. ఎవరు గెలిస్తే వాళ్ళది పడవ కొమ్ము.

ఆ వారం రోంబౌట్‌కి అన్నం దిగలేదు. పనిలో చూరు తిరగేసి కుట్టి, మళ్ళీ విప్పాడు. ఇంట్లో జోరిండె మాట తప్ప ఇంకో మాట లేదు.

"పెట్టుడు పళ్ళు చేసుకునే పిల్లకి కాపరి గురించి ఏం తెలుసు చెప్పు?"

"నీకు చూర్లు తప్ప ఏం తెలుసు?" అంది లుత్‌గార్ట్. "ఆ పిల్లని ఓ మాట పలకరిస్తే నీ సొమ్మేం పోయింది?"

"నువ్వు ఎవరి వైపు?"

"నేను వంటింటి వైపు. గిన్నె ఇలా తే."

శనివారం మధ్యాహ్నం రోంబౌట్ జేబులో కొలత టేపు వేసుకుని బీరు దుకాణం మేడెక్కాడు. అందరూ రావడానికి ఇంకా సమయముంది. కొత్త సూటు గోడకి వేలాడుతోంది. దాంట్లో ఏదో ఒక లోపం పట్టుకుని, ఓటు ముందు నలుగురిలో పెట్టాలని అతని ఆలోచన. కుట్లు లాగి చూశాడు, తెగలేదు. పొలుసులు గోకి చూశాడు, ఊడలేదు. మెడ దగ్గర ముడత పడుతుందేమో, వేసుకుని చూస్తే గానీ తెలియదు కదా అనుకున్నాడు. దొంగ ఆలోచనలన్నీ ఇలాగే పనిలా వేషం వేసుకుని వస్తాయి.

కాళ్ళు దూర్చాడు. చేతులు దూర్చాడు. పొట్ట దగ్గర అతనూ సూటూ కాసేపు వాదించుకున్నారు. చివరికి సూటే సర్దుకుంది. జిప్పు వీపున ఉంది, నడుము నుంచి మెడ దాకా. చేయి అందలేదు. చూర్లు దించే పనివాడికి తాడు ఎలా కట్టాలో చెప్పాలా? జిప్పు కొక్కేనికి గదిలో దొరికిన తాడు కట్టి భుజం మీదుగా లాగాడు. సర్రున మెడ దాకా వచ్చేసింది. తాడు తెగి చేతిలోకి వచ్చింది.

అద్దంలో చూసుకున్నాడు. తన నడుం అంత నిటారుగా ఎప్పుడూ లేదు. పొట్ట ఉంది గానీ దానికీ ఒక గౌరవం వచ్చినట్టుంది. బాగున్నాడు. అది చూసి అతనికి కడుపు మరీ మండింది.

విప్పబోతే తెలిసింది. అతని పాత దుస్తులకి కొక్కేలు ముందు ఉంటాయి. ఎప్పుడూ ఒక్కడే వేసుకుని ఒక్కడే విప్పుకునేవాడు. సినిమా వీరులకి వీపున జిప్పు వేసేవాడొకడు ఎప్పుడూ పక్కనే ఉంటాడని, ఆ సూటు ఇద్దరు మనుషుల సూటని, అతనికెవరూ చెప్పలేదు. తలుపు గడియకి వీపు ఆనించి రుద్దాడు. కుర్చీ కొమ్ముకి రుద్దాడు. గోడకి రుద్దుకునే ఎద్దులా గదంతా తిరిగాడు. జిప్పు కదలలేదు.

కింద కుర్చీలు జరుగుతున్న చప్పుడు. జనం వచ్చేస్తున్నారు.

మొహానికి కప్పే నల్ల తొడుగు బల్ల మీద కనపడింది. అది తగిలించుకుంటే ఎవరో తెలియదు. గబగబా మెట్లు దిగి, వీధిలో పడి, ఇంటికి పోతే లుత్‌గార్ట్ జిప్పు దించుతుంది. తిడుతూ దించినా దించుతుంది. తొడుగు తగిలించుకుని తలుపు తీశాడు.

"అదిగో జోరిండె! ముందే వేసుకుందిరోయ్!" అని ఫ్లోరిమోన్ కింద నుంచి అరిచాడు. "దిగమ్మా దిగు, అందరూ చూస్తారు!"

దుకాణమంతా చప్పట్లు. రోంబౌట్ మెట్ల పైన బిగుసుకుపోయాడు. ఇన్నేళ్ళుగా తన కోసం మోగిన చప్పట్ల కంటే ఇవి గట్టిగా మోగుతున్నాయి. వేరొకరి కోసం. ఆ సంగతి అంత బాధలోనూ చెవి పెట్టి కొలిచాడు. ఇక దిగక తప్పదు.

మొదటి మెట్టు మీద కాలు వేసే ముందు, ఆలోచించకుండానే, అతని ఎడమచేయి భుజం వెనక్కి వెళ్ళింది. అక్కడ లేని కేప్‌ని ఒక్క విసురు విసిరింది.

చప్పట్లు ఆగిపోయాయి.

"ఒరేయ్," అన్నాడు ఫ్లోరిమోన్ నెమ్మదిగా. "ఒరేయ్ రోంబౌట్!"

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తీసుకుని జోరిండె వచ్చింది. వెనకాలే లుత్‌గార్ట్. జోరిండె మెట్ల వైపు చూసింది, గోడ మీద గడియారం చూసింది, మళ్ళీ మెట్ల వైపు చూసింది.

నవ్వు ఎక్కడ మొదలైందో గానీ దుకాణమంతా పాకింది. "డ్రైనేజీ బాగైందా?" అన్నారొకరు. "ఈల్ చేప కాస్త బలిసింది," అన్నారు మూల బల్ల వాళ్ళు. రోంబౌట్ తొడుగు తీశాడు. మొహం ఎర్ర తొడుగుల రంగుకి వచ్చింది.

"ఊరికే లోపాలు చూద్దామని..." అన్నాడు.

"దొరికాయా?" అని అడిగింది జోరిండె. ఆమె ముఖంలో వెటకారం లేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు. కానీ కుట్టుపని చేసేవాడి నోరు కుట్టు దగ్గర అబద్ధమాడదు. "చంకల కింద బిగుతు. చేయి పైకెత్తితే పట్టేస్తోంది. అక్కడో సాగే ముక్క వేయాలి," అన్నాడు. పొలుసులు చూసుకుంటూ, "మిగతాది... మిగతాది బాగుంది," అన్నాడు.

"రండి, తీస్తాను," అని జోరిండె అతన్ని మేడ మీదికి తీసుకెళ్ళి జిప్పు దించింది. సూటు లోపలి వైపు తిరగబడింది. వేసుకునేటప్పుడు పైపై లోపాల మీదే కళ్ళు పెట్టి గమనించలేదు గానీ, లోపలంతా పసుపు. చూర్ల గుడ్డ పసుపు. ఆ రంగు అతను నిద్రలో కూడా గుర్తుపడతాడు.

"ఇదెక్కడిది?"

"మీ ఆవిడ ఇచ్చారు. మీ దుకాణంలో మిగిలిన ముక్కలు. కేప్ లేకపోతే కాపరి ఎలా అవుతాడు రోంబౌట్ గారూ? బయట వేస్తే సినిమాలో సూటులా ఉండదు. అందుకని లోపల వేశాను."

అంత మంచి ఉపాయం తనకి రానందుకు రోంబౌట్‌కి ఆ క్షణంలో జోరిండె మీద ఉన్నంత కోపం ఇంకెవరి మీదా లేదు. తర్వాత గుర్తొచ్చింది, లుత్‌గార్ట్ ఉంది కదా అని.

"నువ్వు వంటింటి వైపన్నావు!" అన్నాడు మెట్లు దిగుతూనే.

"వంటింటికి రెండు తలుపులుంటాయి," అంది లుత్‌గార్ట్.

ఓట్లు పడ్డాయి. అట్టముక్కల్లో ఖాళీ వైపే ఎక్కువ కనపడింది. రోంబౌట్ తనది ఎటు పెట్టాడో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. బొమ్మ వైపే పెట్టాడు. అంత మార్పు ఒక్క సాయంత్రంలో ఎవరికొస్తుంది?

ఆదివారం పొద్దున పడవ దగ్గర ఒక ఇబ్బంది వచ్చింది. వీపున జిప్పు వేసేవాడు కావాలి. జోరిండె చుట్టూ చూసింది. అందరూ రోంబౌట్‌ని చూశారు. అతను ముక్కు చీది, చేతులు తుడుచుకుని, జిప్పు వేశాడు. చంకల కింద కొత్తగా వేసిన ముక్కలు కనపడ్డాయి. రాత్రికి రాత్రే వేసింది. కుట్టు తిన్నగా ఉంది. ఎంత తిన్నగా ఉందో చూసుకుని పళ్ళు నూరుకున్నాడు.

పడవ కదిలింది. వంతెన కింద నుంచి బయటికి వచ్చింది. నల్లటి కాపరి కొమ్ము మీద నిలబడి ఉంది. గట్టు మీద పిల్లలు కాపరి పంచే, ముక్కు ఆకారపు ఊదారంగు మిఠాయిల కోసం చేతులు చాచారు. దిగే ముందు జోరిండె ఎడమచేయి భుజం వెనక్కి వెళ్ళింది. లేని కేప్‌ని ఒక్క విసురు విసిరింది. జనం కేక పెట్టారు.

రోంబౌట్ గట్టు మీద భార్య పక్కన నిలబడి మెడ చాచి చూశాడు.

"చెయ్యి ఇంకాస్త పైకెత్తాలి," అన్నాడు.

"చెప్పు మరి," అంది లుత్‌గార్ట్.

"చెప్తాను. వచ్చే ఏడు."