నూట పదహారు అడుగుల అబద్ధం: గోల్నాక నుంచి తార్నాక దాకా

గోల్నాక నుంచి తార్నాకకు వెళ్లిరావడాన్ని కూడా ప్రయాణం అంటారా అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. మా ఇంట్లో ఇద్దరు విమానమెక్కి జపాన్ పోయారు, నేను ఆటో ఎక్కి యూనివర్సిటీ క్యాంపస్‌కు పోయాను. ఎవరి స్థాయి వాళ్లది. పిల్లల్ని పొద్దున్నే అక్కడి గ్రౌండ్‌కు తీసుకెళ్దామనుకునే తల్లిదండ్రులు చాలామంది నన్ను దారి అడుగుతుంటారు కాబట్టి దారీ రాస్తాను, నేను చేసిన తప్పూ రాస్తాను. ఏది పనికొస్తే అది తీసుకోండి.

మా అమ్మాయి మౌనిక లాంగ్ జంప్ దూకుతుంది. సముద్రం పక్కన ఒక చిన్న ఊళ్లో నాలుగు నెలల శిక్షణకు పిలిచారు. పోయినేడు మడమ దెబ్బ తిని లేచిన పిల్ల, ఒంటరిగా ఎలా పంపుతామని నా భార్య సుగుణ కూడా వెళ్లింది. చింతపండు, కందిపప్పు, కారం పొడి మూటగట్టుకుని, ఒక్క గది ఇంట్లో చాప మీద కాపురం పెట్టింది. నేను ఇక్కడే ఉండిపోయాను. మాది షామియానాల వ్యాపారం, పెళ్లిళ్ల సీజనులో తాళం వేస్తే వచ్చే ఏడు ఎవరూ తలుపు తట్టరు. వాళ్లు వెళ్లిన కొత్తలో నా బుద్ధి ఊరుకోక, ఆ దేశంలో బట్టలుతికే మిషన్‌కు వంగి దండం పెట్టాకే స్విచ్ వేయాలని సుగుణకు చెప్పాను. వారం రోజులు పెట్టిందట. పక్కింటి ముసలావిడ చూసి, పెట్టకపోతే తప్పనుకుందో ఏమో, ఆమె కూడా పెట్టడం మొదలుపెట్టిందట. సంగతి తెలిశాక సుగుణ ఫోన్‌లో తిట్టిన తిట్లు ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తు చేసుకుంటాను. ఇంట్లో చప్పుడు లేనప్పుడు అవే దిక్కు.

రెండో నెలలో సుగుణ గొంతు మారింది. మౌనిక పరుగెత్తుకొచ్చేసరికి దూకే పలక అందడం లేదట. చివరి అడుగు సాగదీసి, బలం పోయి, ఇసుకలో ఎక్కడో ముందే పడుతోందట. అక్కడి కోచ్ మౌనిక చెప్పిన నూట పదహారు అడుగుల దగ్గరే గుర్తు పెట్టి, రోజుకో రకంగా పరుగు దిద్ది చూసి విసిగిపోయాడు. ఆదివారం పరీక్ష. ఆరు మీటర్లు దాటకపోతే మిగతా రెండు నెలలు ఉంచరు, ఇంటికి పంపేస్తారు. "నువ్వు పొద్దున్నే మన గ్రౌండ్‌కు పోయి, పిల్ల పరుగు మొదలుపెట్టే పసుపు గీత కాడి నుంచి పలక దాక టేపు పట్టి చూడు. నూట పదహారు అడుగులే కద? పిల్ల ఆగమైతున్నది" అంది సుగుణ. సరే అన్నాను.

శుక్రవారం పొద్దున ఐదూ నలభైకి బయల్దేరాను. పక్కింటి మేస్త్రి దగ్గర ముప్పై మీటర్ల టేపు అడిగి తీసుకున్నాను. అంబర్‌పేట్ చౌరస్తా దాకా నడిస్తే ఆ వేళకే ఆటోలు ఉంటాయి. ఒకతను నూట ఇరవై అడిగాడు, వందకు ఒప్పుకున్నాడు. శివం రోడ్డు మీదుగా ఎన్‌సీసీ గేటు దాకా పన్నెండు నిమిషాలు. ఎనిమిది దాటితే ఇదే దారి అరగంట.

"క్యాంపస్‌ల ఏం పని కాకా, చదువుతున్నవా ఏంది?" అన్నాడు డ్రైవర్ నా నెరిసిన తలను అద్దంలో చూస్తూ.

"పీహెచ్‌డీ చేస్తున్న తమ్మీ. ఆటోల మీటర్ల మీద."

"గట్లయితే నీకు పట్టా రాదు. గా సబ్జెక్టే లేదు హైదరాబాద్‌ల" అని గేటు ముందు దింపేసి పోయాడు. పదో తరగతి రెండుసార్లు రాసినవాడికి అంతకంటే మర్యాద దక్కదు.

క్యాంపస్‌లో పొద్దున్నే నడవడానికి వచ్చేవాళ్లను ఆపరు. చెట్ల కింద చల్లగా ఉంటుంది, నెమళ్లు అరుస్తుంటాయి. నాలుగేళ్లు మేం ముగ్గురం ఒకే బండి మీద ఈ రోడ్డున వచ్చాం. వెనక సుగుణ, మధ్యలో మౌనిక, మౌనిక ఒళ్లో నీళ్ల డబ్బా. మలుపు తిరిగినప్పుడల్లా ఆ నీళ్లు నా వీపు మీద ఒలికేవి, నేను కావాలనే గుంతల్లోంచి పోనిచ్చేవాణ్ని. ఆ రోజు నడిచి వెళ్తుంటే వీపు పొడిగా ఉండడం కూడా బాగాలేదు.

గ్రౌండ్‌లో ఇసుక గుంట చదును చేసే మల్లమ్మ పార పట్టుకుని ఉంది. మౌనికను దాని పద్నాలుగో ఏటి నుంచి చూసిన మనిషి.

"ఏం సేటూ, సగమైనవ్? అక్క లేకుంటే బువ్వ వండుకోరాదా?"

"వండుకుంటున్న. నాకే నచ్చక పారబోస్తున్న."

"గట్ల చెప్పు. గిన్నెలు తోముడు కూడ రాదు నీకు, నాకెర్క" అని పార పక్కన పెట్టి, టేపు కొస పట్టుకోవడానికి వచ్చింది.

పరుగు మొదలుపెట్టే చోట, పరుగు పట్టీ అంచు రాయి మీద మౌనిక గీసుకున్న పసుపు గీత ఇంకా చెరగలేదు. మల్లమ్మ పలక దగ్గర కూర్చుంది, నేను టేపు లాక్కుంటూ వచ్చాను. టేపు ముప్పై దగ్గర అయిపోయింది. అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టి, మిగిలింది కొలిచాం. మొత్తం ముప్పై నాలుగు మీటర్ల పదహారు సెంటీమీటర్లు. ఫోన్‌లో నూట పదహారు అడుగులను మీటర్లు చేశాను. ముప్పై ఐదు మీటర్ల ముప్పై ఆరు వచ్చింది. మళ్లీ కొట్టాను. మళ్లీ అంతే. మీటరు పైన ఇరవై సెంటీమీటర్ల తేడా.

అప్పుడు వెలిగింది. మా వృత్తిలో టేపు ఉండదు, పాదమే టేపు. మడమకు వేలు ఆనించుకుంటూ నడిచి, ఇన్ని అడుగులు అని చెప్పి గుంజలు పాతేస్తాం. మౌనికకు మొదటిసారి గుర్తు పెట్టినప్పుడు కూడా నేనే చెప్పులతో నడిచాను. నూట ఇరవై రెండు వచ్చింది. ఎంతని ఎవరో అడిగితే, ఆడపిల్ల మొదటిసారి పోటీకి పోతోంది, శుభంగా ఉండాలని "నూట పదహారు" అనేశాను. పెళ్లిళ్లలో పుట్టి పెరిగిన నోరు, అదే వచ్చింది. ఆ తర్వాత ఏ ఊళ్లో పోటీ అయినా గుర్తు పెట్టింది నేనే. లోపల నూట ఇరవై రెండు లెక్కపెట్టేవాణ్ని, పైకి నూట పదహారు అనేవాణ్ని. అది లెక్క కాదు, ఆ గుర్తుకు పేరైపోయింది. ఆ పేరునే మా అమ్మాయి దేశం దాటించి, నిజం కొలత అనుకుని ఆ కోచ్‌కు చెప్పింది.

మెట్ల మీద కూర్చున్నాను. ఆరున్నర. అక్కడ పది గంటలు. ఇద్దరూ నా ఫోన్ కోసం గ్రౌండ్‌లోనే ఎదురుచూస్తుంటారు. ఇక్కడ ఒక మాట దాచకుండా రాస్తాను. "కొలత కరెక్టే ఉన్నది" అంటే చాలు. ఆదివారం పరీక్ష పోతుంది, వచ్చే వారం ఇద్దరూ ఇంట్లో ఉంటారు. పొయ్యి మీద గిన్నె చప్పుడు, బాత్రూం దగ్గర కొట్లాట, అన్నీ తిరిగొస్తాయి. ఎవరికీ తెలియదు కూడా. నా జన్మలో ఇంత సులువైన అబద్ధం ఎప్పుడూ దొరకలేదు.

"ఏమాయె, ఫోన్ జేయవా?" అంది మల్లమ్మ. "పిల్ల ఎదురుచూస్తుంటది."

చేశాను. సుగుణ ఎత్తింది.

"కొలిచినవా? ఎంత?"

"ముప్పై నాలుగు మీటర్ల పదహారు."

"మరి నూట పదహారు అడుగులంటే ముప్పై ఐదు దాటుతదని సారు అంటున్నడు?"

"అది లెక్క కాదే. శుభానికి చెప్పిన."

అవతల తిట్లు మొదలయ్యాయి. "పిల్ల కాళ్ల మీద కట్నాలు చదివించినవా? నీ నోట్ల నిజం ఎన్నడన్న పుట్టిందా? బిడ్డ కూర్చొని ఏడుస్తున్నదిక్కడ, నూట పదహార్లంట..." నాకు ఆ తిట్లు వినబడుతుంటే ప్రాణం లేచొచ్చింది, అలా అని చెప్పలేదు. మౌనిక ఫోన్ లాక్కుంది.

"డాడీ, నెల నుంచి నా కాళ్లల్లనే తప్పు ఉన్నదనుకుంటున్న" అంది. గొంతు చిన్నగా ఉంది.

నాకు జోకేమీ దొరకలేదు. "నీ కాళ్లల్ల ఏం లేదు బిడ్డా. నా నోట్లనే ఉన్నది" అన్నాను.

"నీ చెప్పు ఎంత పొడుగుంటది?"

విప్పి కొలిచాను. ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు. ఆమె అక్కడే లెక్క కట్టి, "నూట ఇరవై రెండు చెప్పులు. కరెక్టే" అంది. తర్వాత దూరంగా ఎవరికో వచ్చీరాని ఇంగ్లీషులో, మా నాన్న చెప్పు సైజు అని వివరించబోయి, సగంలోనే పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు విని ఎంత కాలమైందో.

టేపు చుట్టుకుని తార్నాక వైపు నడిచాను. పాతిక నిమిషాలు పడుతుంది, మెట్రో స్తంభాలు కనబడగానే వచ్చేసినట్టే. అక్కడి సందు మొదట్లో ఇడ్లీ బండి ఉంటుంది, ప్లేటు నలభై. చట్నీ రెండోసారి వేయడానికి సుగుణకూ బండి నడిపే యాదగిరికీ రోజూ యుద్ధం జరిగేది.

"అక్క ఎప్పుడొస్తది అన్నా? తిట్టేటోళ్లు లేక చట్నీ మిగులుతున్నది" అన్నాడు.

"పిల్ల బాగా దూకితే ఆలస్యమైతది" అన్నాను. అతను అర్థం కానట్టు చూసి, అడక్కుండానే చట్నీ వేశాడు. ప్లేటు ఖాళీ చేశాను. సిటీ బస్సు పట్టుకుని తొమ్మిదింటికి ఇల్లు చేరాను.

ఆదివారం మధ్యాహ్నం మౌనిక ఆరు మీటర్ల నాలుగు సెంటీమీటర్లు దూకింది. ఇంకా రెండు నెలలు అక్కడే. నేను ఊరంతా మిఠాయి పంచి, ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఒక్కడికే బియ్యం కడిగాను. జీవితమంతా ఎవరినో ఒకరిని ఏడిపించి నవ్వినవాణ్ని. నిజం చెప్పి నన్ను నేనే ఏడిపించుకోవడం ఇదే మొదలు. బెంగ అనేది ఉంటుందని తెలుసు గాని, దాన్ని మన చేత్తోనే పొడిగించాల్సి వస్తుందని తెలియదు. అయినా మళ్లీ అడిగితే మళ్లీ అదే కొలత చెబుతాను. ఆ పిల్ల తన కాళ్లను అనుమానించడం నేను భరించలేను.

మీ పిల్లలు కూడా అంత దూరం వెళ్తే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. జపాన్ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు నడుస్తుంది. ఆటగాళ్లు తొందరగా పడుకుంటారు. మనకు సాయంత్రం ఆరయ్యి ఇల్లు బోసిగా కనబడే వేళకు అక్కడ దీపం ఆర్పేస్తారు. చెప్పాల్సింది ఏదున్నా పొద్దున్నే చెప్పేయండి.