సూచిన్ అక్క చెవిలో డోలు

సూచిన్ అక్క డాన్సు ఆపేసిందంటే మిల్లు క్వార్టర్లలో ఎవరూ నమ్మలేదు. నేనైతే మర్నాడు కూడా బూట్లేసుకుని కిందికి దిగాను. వాకిట్లో దీపాలు వెలుగుతున్నాయి, ఒక్కరూ లేరు. పెద్ద స్పీకరు మీద గోనెపట్టా కప్పి ఉంది.

ఎందుకు ఆపిందో చెప్పాలంటే ముందు మా చెవుల సంగతి చెప్పాలి. చైనాలోని మా షిజియాజువాంగ్‌లో బట్టల మిల్లు నడిచినన్నాళ్ళూ మేం నేత విభాగంలో పనిచేశాం. గెంగ్ సూచిన్ పదహారో ఏట చేరింది, ఆమె వెనకాలే నేను. వందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కమనిషి గొంతు చించుకున్నా వినపడదు. అందుకని మాకో చేతిభాష ఉండేది. మణికట్టు మీద నరికినట్టు చేస్తే పోగు తెగిందని. నెత్తిన టోపీ తడితే సూపర్‌వైజరు వస్తున్నాడని. మిగతాదంతా పెదాలు చూసి చదువుకునేవాళ్ళం. ఎవరి మొగుడు ఎవరితో తిరుగుతున్నాడో కూడా ఆ మోతలోనే చెప్పుకున్నాం. తర్వాత మిల్లు మూసేశారు, చేతిభాషా పోయింది. చెవులు మాత్రం అక్కడే వదిలేసి వచ్చాం. సన్నటి శబ్దాలు ముందు పోయాయి, పిట్టలూ పసిపిల్లల మాటలూ అలాంటివి. లారీ, ఉరుము, డోలు మిగిలాయి.

ఈ సంగతి నేను ఒప్పుకుంటాను. సూచిన్ అక్క చచ్చినా ఒప్పుకునేది కాదు. నా చెవులకేం, ఈ కాలంవాళ్ళకి నోరు తెరిచి మాట్లాడ్డం రాదు అనేది. కోడలు మంచిదే గానీ, అరిచి అరిచి విసిగిపోయి, రెండోసారి అడిగితే ఏం లేదులెండి అత్తయ్యా అనేసేది. భోజనాల దగ్గర మనవరాలు ఏదో చెబితే అందరూ నవ్వేవాళ్ళు. అక్క కూడా నవ్వేది, అందరి మొహాలూ చూసి, ఒక్క క్షణం ఆలస్యంగా. ఆ నవ్వు చూసినప్పుడల్లా నేను తల తిప్పుకునేదాన్ని.

డాన్సులో మాత్రం ఆమె తర్వాతే ఎవరైనా. సాయంత్రం తిండి తినేసి ముప్పైమందికి పైగా ఆడవాళ్ళం వరసలు కట్టేవాళ్ళం. అందరికీ ముందు ఆమె, ఎర్ర చొక్కా, తెల్ల చేతితొడుగులు. డోలు మొదలైందంటే ఆమె మోకాళ్ళ నొప్పులు ఎక్కడికి పోయేవో. అక్కడ ఆమెని ఎవరూ రెండోసారి అడగనక్కర్లేదు, ఆమె కూడా ఎవరినీ అడగనక్కర్లేదు. నేను రెండో వరసలో ఉంటాను. ఎడమకాలు వెయ్యాల్సిన చోట కుడికాలు వేస్తానని నాకో పేరుంది. గిట్టనివాళ్ళ మాటలవి.

స్పీకరు గట్టిగానే పెట్టేవాళ్ళం, పెట్టకపోతే మాకెలా తెలుస్తుంది? రెండో అంతస్తులో కొత్తగా దిగిన చూ అనే గూడ్సు రైలు డ్రైవరుకి ఈ సంగతి తెలీదు. రాత్రి బండెక్కాలంటే సాయంత్రం ఓ కునుకు తియ్యాలి పాపం. వెళ్ళి క్వార్టర్ల కమిటీలో ఫిర్యాదు చేశాడు. నెలాఖరులోగా మోత ఆపకపోతే వాకిలి ఖాళీ చెయ్యాలని వాళ్ళొచ్చి చెప్పిపోయారు. దాన్ని అక్క లెక్కచెయ్యలేదు. కానీ ఒకరోజు చూ బనీనుతో బాల్కనీలోకొచ్చి మా వైపు చూసి ఏదో గొణిగాడు. పాటలో ఎవరికీ వినపడదనుకున్నాడు. మాకు వినపడక్కర్లేదు నాయనా, నీ పెదాలు కనపడితే చాలు. "చెవిటి ముసలి మంద" అన్నాడు. అందరం చదివాం. నాకు ఒళ్ళు మండి తిట్టబోయేలోగా అక్క వెళ్ళి స్పీకరు ఆపేసి, గోనెపట్టా కప్పి, ఎవరి మొహమూ చూడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు చూసి నేనే వాళ్ళింటికి వెళ్ళాను. గొంతు నొక్కేసిన టీవీలో బొమ్మలు చూస్తూ కూర్చుంది. ఇక ఇంతేలే మియావ్, అంది నన్ను పేరుపెట్టి పిలిచి. ఉపాయం కోడలే చెప్పింది. వేరే పార్కుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడుతున్నారట. పాటల పెట్టెకి చిన్న యంత్రం తగిలిస్తే పాట రేడియోలోలాగా అందరి చెవుల్లోకీ పోతుందట, బయటికి చప్పుడుండదట. తలా కాస్త వేసుకుని, అన్నిటికంటే చవగ్గా దొరికినవి, చెవిలో దూర్చుకునేవి తెప్పించాం.

ఏం చెప్పమంటారు ఆ రోజు సంగతి. పాడేమనిషి గొంతు దోమలాగా ఎక్కడో సన్నగా కీచుమంటోంది, డోలు లేనే లేదు. ఎవరికి తోచినట్టు వాళ్ళు తిరిగారు. నేను ఎవరి కాలో తొక్కాను. తాళం అందక ఒకావిడ పాడ్డం మొదలెట్టింది, ఆమె పెదాలు చూసి అందరం అందుకున్నాం. చెవుల్లో బిరడాలు పెట్టుకుని ఎంత గట్టిగా పాడుతున్నామో మాకేం తెలుసు? చూ చెప్పులు కూడా వేసుకోకుండా దిగొచ్చి రెండు చేతులూ జోడించాడు. స్పీకరే నయమన్నాడు. నెలాఖరు కూడా దగ్గరపడింది.

అక్కని లాక్కుని స్టేషను దగ్గర ఎలక్ట్రానిక్స్ బజారుకి వెళ్ళాను. అక్కడ కుయ్ అనే ఆమెది అగ్గిపెట్టంత కొట్టు. ఆమెకి హెడ్‌ఫోన్లంటే పిచ్చి. చవకవాటిలోనూ మంచివుంటాయని, ఈ ధరకి ఇంత బాగా పాడేది ఇంకోటి లేదని ఒకటి తీసి అక్క చెవులకి పెట్టింది.

"విను పెద్దమ్మా, తీగ తీగ విడిగా వినపడుతుంది. పాడేమనిషి ఊపిరి కూడా తెలుస్తుంది."

అక్క తల ఊపింది. తర్వాత నవ్వింది, ఒక్క క్షణం ఆలస్యంగా. నేను ఆమె కాళ్ళవైపు చూశాను. మడమ కదలడం లేదు. అయినా చెయ్యి సంచిలోకి పోయి పర్సు తీస్తోంది. ఆమెకేం వినపడ్డం లేదని నేను చెప్పేద్దును, కానీ అది నేను చెప్పే మాట కాదు. అక్క పర్సు తెరిచింది, మళ్ళీ మూసింది. హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది.

"నాకు చెవులు సరిగ్గా వినపడవమ్మా. నాకు తీగలొద్దు, ఊపిరొద్దు. డోలు వినపడేది ఏదన్నా ఉంటే ఇయ్యి."

ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి, చెప్పుకోడానికి సిగ్గేముంది.

కుయ్ వంగి బల్లకింద బుట్ట లాగింది. చెవులంతా కప్పేసే లావుపాటివి, చిలకపచ్చ రంగు, అమ్ముడుపోక దుమ్ముపట్టి ఉన్నాయి. ఇవి నా కొట్లో కొన్నామని ఎక్కడా చెప్పకండి, పాటని బురదలో ముంచి తీసినట్టుంటుంది, డోలు తప్ప ఇంకేం మిగలదు అని ముందే చెప్పేసింది. అక్క పెట్టుకుంది. ముందు మడమ ఆడింది. తర్వాత మోకాలు. తర్వాత ఆ ఇరుకు కొట్లో మనిషి మొత్తం ఓ చుట్టు తిరిగి, తీసి నా నెత్తిన పెట్టింది. నా పళ్ళు కూడా అదిరాయి. ఇంత చెడ్డ పాట ఎలా వింటారని కుయ్ బాధపడిపోతుంటే, ఇలాంటివి ఇంకెన్నున్నాయో తియ్యమని అక్క బుట్టంతా బల్లమీద బోర్లించింది.

ఆ సాయంత్రం వాకిట్లో బూట్ల చప్పుడు తప్ప మరేం లేదు. లోపల మాత్రం డోలు ఎముకల్లోకి దిగింది. నేత విభాగంలో నేల అలాగే అదిరేది. మగ్గాల మధ్య నిలబడ్డట్టే అనిపించింది నాకు. నాకొక్కదానికే కాదు, ఎందుకంటే పక్కావిడ నావైపు తిరిగి మణికట్టు మీద నరికినట్టు చేసింది. అడుగు తప్పావని. చేతిభాష మళ్ళీ వచ్చేసింది. చెవులు మూసుకున్నాక మాకు మాటలు ఎక్కువయ్యాయి. కమిటీవాళ్ళు ఒకసారొచ్చి, నిలబడి చూసి, వాకిలి ఖాళీ మాటెత్తకుండా వెళ్ళిపోయారు.

చూ ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నాడు. సెలవుంటే టీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో నిలబడతాడు. మొన్న అలాగే నిలబడి, మామీంచి చూపు తిప్పకుండా, లోపలున్న పెళ్ళాంతో ఏదో అన్నాడు. నేను నా కాళ్ళు చూసుకుంటున్నాను, చదవలేదు.

సూచిన్ అక్క చదివింది. అందరికంటే ముందు, ఒక్కసారిగా, తెల్ల చేతితొడుగులు పొట్టమీద పెట్టుకుని పగలబడి నవ్వింది. ఆ తర్వాతే మిగతావాళ్ళకి అంటుకుంది. నాకేం అర్థంకాక మొహాలు చూస్తుంటే, అక్క వెనక్కి తిరిగి బాల్కనీ చూపించి, నన్ను చూపించి, తన కుడికాలు చరిచి సైగ చేసింది. ఆ రెండో వరస లావుపాటావిడ ఇవాళ కూడా కుడికాలే వేసింది చూడు, అన్నాట్ట వాడు.

నేనూ నవ్వాను. ఈసారి ఆలస్యమైంది నాకే.