ఒడ్డుకు రాని గురువమ్మ

మొగుడు వేటకు బయల్దేరితే జాలరిపేట ఆడవాళ్ళు ఒడ్డుదాకా వస్తారు. కూడు గిన్నె అందిస్తారు, ఇంట్లో పోట్లాట ఏదైనా మిగిలి ఉంటే అదీ అక్కడే పూర్తిచేస్తారు. గురువమ్మ మాత్రం ఏనాడూ రాలేదు. మొగుడు కన్నబాబు వాకిలి దాటుతున్నాడంటే గోడవైపు తిరిగి కూర్చునేది. ఆమె చిన్నప్పుడు తల్లి ఒకే ఒక్కసారి ఒడ్డున నిలబడి, తండ్రి పడవను కనుమరుగయ్యేదాకా చూసింది. ఆ పడవ తిరిగి రాలేదు. తుఫాను సంగతి పేటంతటికీ తెలుసు. తల్లి మాత్రం తన కళ్ళనే తిట్టుకుంటూ బతికి, ఆ భయాన్ని కూతురికి అప్పజెప్పి పోయింది.

కన్నబాబు వేట మాని, ఓడలను రేవులోకి లాగే నేవీ టగ్గులో కళాసీగా చేరాడు. అయినా ఆమె పద్ధతి మారలేదు. "నా ఈపు సూడ్డం మా ఇంటిదానికి ఇష్టం నేదు బావా" అని తోటివాళ్ళ దగ్గర వేళాకోళం చేసేవాడు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవిలో అతనికి జ్వరం పట్టుకుంది. చూస్తుండగానే ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఇక్కడ తమవల్ల కాదని, దూరాన పెద్ద మిలటరీ ఆసుపత్రిలో ఊపిరితిత్తుల బదులు పనిచేసే మిషన్ ఉందని, వాయుసేన విమానంలో పంపుతామని డాక్టర్లు చెప్పారు. రోగం బయటికి పాకకుండా చుట్టూ ప్లాస్టిక్ మూసిన మంచంలో తీసుకెళతారట. ఇంటివాళ్ళలో ఒకరు వస్తే దూరం నుంచి చూడనిస్తారట.

కూతురు అనూరాధ ఆటో పిలిచింది. గురువమ్మ మాస్కు పెట్టుకుంది, చెప్పులు తొడుక్కుంది, వాకిట్లోకొచ్చి ఆగిపోయింది.

"ఓపాలి సూసుకోయే అమ్మా. మళ్ళీ ఎప్పుడు సూత్తావో."

"సూడను. సూత్తే రాడు."

అనూరాధ బతిమాలింది, ఏడ్చింది, చివరికి తిట్టింది. డిగ్రీ చదివిన పిల్లకు అది ఉత్త మొండితనంగానే తోచింది. నిజానికి ఆ మొహం ఒక్కసారి చూడాలని గురువమ్మ ప్రాణం కొట్టుకుపోతోంది. అయినా చెప్పులు విడిచి, లోపలికెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుంది. అనూరాధ ఒక్కతే వెళ్ళింది. కొంతసేపటికి ఇంటి మీదుగా విమానం మోత వినబడింది. గురువమ్మ తల ఎత్తలేదు.

కన్నబాబు బతకలేదు. దహనం అక్కడే చేశారు, అస్థికలు మాత్రం ఇంటికొచ్చాయి. మొగుణ్ణి కడసారి చూడని మహాతల్లి అని చేపల బుట్టల దగ్గర చెవులు కొరుక్కున్నారు. అలాంటి మాటలకు మన నోళ్ళు ఎప్పుడూ ఖాళీయే. అనూరాధ తల్లితో మాట్లాడ్డం మానేసింది. గురువమ్మకు తన తల్లి గుర్తొచ్చింది. తల్లి చూసి పోగొట్టుకుంది, తాను చూడక పోగొట్టుకుంది. ఇంక ఎవరిని తిట్టుకోవాలో తెలియక కుమిలిపోయింది.

అప్పుడు విమానంలో కన్నబాబుకు తోడు వెళ్ళిన నర్సు అనూరాధకు ఫోన్ చేసింది. శృంగవరపుకోట అమ్మాయి, పేరు నీలిమ. ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నానంది. విమానం ఎక్కించే ముందు కన్నబాబు, మా ఇంటిది వచ్చిందా అని అడిగాడట. లేదు, మీ అమ్మాయి వచ్చిందని తను చెప్పిందట. ప్లాస్టిక్ లోపలినుంచి నవ్వాడట.

"రానేదా? అయితే బయం నేదు. నాను తిరిగొచ్చెత్తాను."

అనూరాధ ఫోను పెట్టేసి, తల్లి పక్కనే తనూ గోడవైపు తిరిగి కూర్చుంది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

అస్థికలు కలపడానికి గురువమ్మ తమ్ముడు పోలిరాజు పడవ తీశాడు. గురువమ్మ ఒడ్డుకొచ్చి తడి ఇసుకలో నిలబడింది. పోలిరాజు తెల్లబోయాడు.

"నువ్వెందుకొచ్చినావప్పా? ఎప్పుడూ రావు కదా."

"ఇంక తిరిగొచ్చీవోడు కాదు కదరా. ఇయ్యాల తనివితీరా సూత్తాను" అంది గురువమ్మ.

పడవ కనుమరుగయ్యేదాకా ఆమె అక్కడినుంచి కదల్లేదు.