చక్రం కనబడని మలుపు

మా అమ్మమ్మ సాటుర్నినా వ్యాను తోలుతుంటే అండీస్ కొండలే భయపడి పక్కకు జరుగుతాయి.

మా యుంగాస్ ప్రాంతపు ఇరుకు దారిలో కొండ దిగే బండి లోయ అంచునే నడవాలి. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, తన ముందు చక్రాన్ని చూసుకుంటూ దిగాలి.

ఆ మధ్యాహ్నం వాన, పొగమంచు. వ్యానులో తొమ్మిది మందిమి ఉన్నాం. సంతకు ఆలస్యమవుతోందని, కోడిపిల్లల బుట్టతో కూర్చున్న ఎలోడియా గోల మొదలెట్టింది.

"ఏమ్మా సాటుర్నినా, గాడిదనెక్కినా ఈపాటికి చేరేదాన్ని!"

నేనూ పకపకా నవ్వాను. అమ్మమ్మకు పౌరుషం వచ్చి వేగం పెంచింది.

మలుపులో వ్యాను జారి, అంచున ఆగింది. అమ్మమ్మ తల బయటపెట్టి చూస్తే చక్రమూ కనబడలేదు, నేలా కనబడలేదు, తెల్లటి మంచే ఉంది. అంచు నుంచి రాళ్లు జారాయి. అవి కింద పడిన చప్పుడు ఎంతసేపటికీ వినబడలేదు.

"ఎవరూ కదలకండి," అంది అమ్మమ్మ.

ఎలోడియా కోడిపిల్లల బుట్టను గుండెకు హత్తుకుంది. అమ్మమ్మ గేరు మార్చి, వ్యానును జానెడు వెనక్కి లాగింది. అక్కడినుంచి నడక వేగంతో ఊరు చేర్చింది.

ఇది రాద్దామని నిన్న అడిగాను: "అంత భయంలో ముందుకు పోవడానికి ధైర్యం ఎలా వచ్చింది అమ్మమ్మా?"

"ధైర్యమా, నా మొహమా! బండి తిప్పుకోవడానికి చోటు లేదురా మొద్దూ."