అనంతగిరి మంచులో దగ్గు

దయ్యాలంటే నవ్వేవాణ్ణి. పోర్టులో క్రేన్ నడిపేవాణ్ణి, కంటికి కనబడిందే నాకు లెక్క. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

ఎనభైల మొదట్లో గోపాలపట్నంలో ఉండేవాళ్లం. నా భార్య సరస్వతికి పొడిదగ్గు. ఆ ఉక్కపోతలో, రోడ్డు దుమ్ములో తగ్గేది కాదు.

తగరపువలస అప్పలరాజు నాకు చుట్టం కాదు, స్నేహితుడు. అయినా బావా అనే పిలుచుకునేవాళ్లం. ఘాట్ రోడ్డు పనుల్లో మేస్త్రీగా కొన్నేళ్లు అనంతగిరిలో ఉన్నాడు. అక్కడ అతనికో పెంకుటిల్లు ఉంది. భార్య పుట్టింట్లో జ్వరంతో పోయిందనీ, అప్పటినుంచీ ఆ ఇల్లు ఖాళీగా ఉందనీ చెప్పాడు.

"కొండమీద సెమటే పట్టదు బావా. నెల్లాళ్లుంటే సెల్లెమ్మకి దగ్గు పోద్ది. నాను సెప్తన్నాను కదా," అన్నాడు.

సెలవు పెట్టి జూలైలో వెళ్లాం. మొదటి వారం ఎంత హాయిగా ఉందో. ఫ్యాను అక్కర్లేదు, ఆకలి బాగా వేసేది. సరస్వతి కాఫీ తోటల దాకా నడిచొచ్చేది. తర్వాత ముసురు పట్టింది. మంచు కిటికీలోంచి గదిలోకి వచ్చేసేది. బట్టలు ఆరవు, అగ్గిపుల్ల వెలగదు, గోడల నిండా బూజు. ఆమె దగ్గు రెట్టింపయింది.

ఒక మధ్యాహ్నం పెరట్లోంచి దగ్గు వినబడింది. తడుస్తోందేమోనని దుప్పటి పట్టుకుని వెళ్లాను. ఎవరూ లేరు. దగ్గు మాత్రం చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఆగకుండా వస్తోంది. వెనక్కి తిరిగితే సరస్వతి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవులండీ అది?" అంది.

పక్కనే టీకొట్టు నడిపే ముసలమ్మని అడిగాను. ఆవిడ నావైపు వింతగా చూసింది.

"మేస్త్రీ పెళ్లాం ఈ ఇంట్లోనే పోనాది బాబూ, దగ్గీ దగ్గీ. ఈ సలి ఆ పిల్లకి పడనేదు. మీకు సెప్పనేదేటి?"

మర్నాడు మొదటి బస్సుకే కొండ దిగిపోయాం. గోపాలపట్నం ఉక్కలో పది రోజులకి సరస్వతి కాస్త కుదుటపడింది.

తగరపువలస వెళ్లి అప్పలరాజుని నిలదీశాను. "నా పెళ్లాం పేణం మీదికి తెచ్చేవు. ఎందుకు దాసేవు?"

అతను, "మీకూ ఇనబడ్డాదా?" అని అడిగాడు.

ఔనన్నాను.

"నాకొక్కడికే ఇనబడతందేమో, పిచ్చెక్కిందేమో అనుకున్నాను బావా. ఇంకొకలికి ఇనబడతాదో లేదో తెలుసుకోవాలనిపించింది."

అది అంటున్నప్పుడు అతని మొహంలో ఊరట కనబడింది. ఆ ఊరట నాకు అర్థమైంది, క్షమించడమే నావల్ల కాలేదు. ఆ మంచులో దగ్గింది ఎవరో మాత్రం ఇన్నేళ్లయినా నాకు తెలియలేదు.